నల్ల పొర, పచ్చ రేకు

ఈ లెక్క మొదలైన రోజున నా చేతిలో నికరంగా ఉన్నవి నూటపది గ్రాముల మేలిమి బంగారం, మా తాత వాడిన గీటురాయి, కళ్ళు పోయిన ఒక కంసాలి. మొదటి రెండూ వారసత్వంగా వచ్చాయి. మూడోది నా సొంత సంపాదన.

ఆ చివరి మాట ఎందుకన్నానో ముందే చెప్పాలి. సరుకులో ఉన్న లోపం దాచి అమ్మితే తర్వాత రెట్టింపు తగులుతుంది.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో పాత నగలు కొని, కరిగించి, శుద్ధి చేసే కొట్టు మాది. నా పేరు బుశెట్టి అనంతయ్య. కరిగించే మూస దగ్గర కూర్చునే మనిషి మౌనేశాచారి. బంగారం కరిగి మలినమంతా వదిలే క్షణం ఒకటుంటుంది. మీద ఉన్న మబ్బు తొలగినట్టు మూసలో రంగు మారుతుంది. అప్పుడు దించితే మేలిమి. ముందు దించితే మలినం మిగిలిపోతుంది, ఆలస్యమైతే తరుగు పెరుగుతుంది. ఆ క్షణాన్ని ఆచారి వట్టి కళ్ళతో పట్టేవాడు. ఆయన దించిన కడ్డీ అంటే మా వీధిలో ఎవరూ గీటు పెట్టి చూసేవాళ్ళు కారు.

ముప్ఫై ఏళ్ళు ఆ మంటను చూసేసరికి ఆయన చూపు నడిమధ్యలో మచ్చ పడింది. కడప డాక్టరు నల్లద్దాలు ఇచ్చాడు. అవి పెట్టుకున్న వారంలో రెండు కరుగులు తప్పాయి. మరుసటి వారం అద్దాలు కనబడలేదు. ఆచారి వెతికాడు, ఇంట్లో వెతికించాడు, చివరికి "పోతే పోనీలే శెట్టీ, అవి పెట్టుకుంటే బంగారం రంగే తెలీడంల్యా" అని మళ్ళీ వట్టి కళ్ళతోనే కూర్చున్నాడు. అద్దాలు నా ఇనప్పెట్టెలో ఉన్నాయి. పెట్టింది నేనే. ఆ తర్వాత అయిదేళ్ళకు ఆయనకు పూర్తిగా చీకటైంది.

షాహీన్ మా వీధి చివర గాజుల అంగడి వాళ్ళమ్మాయి. రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసి, కాలేజీలో ఉద్యోగం చేస్తోంది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి కొట్టు పైగది అద్దెకు కావాలంది. దాంతోపాటు బంగారం కావాలంది.

"కొనుక్కుంటావా?"

"లేదు శెట్టిగారూ, వాడుకుంటా. పొద్దున తూచి ఇయ్యండి, సాయంత్రం తూచి తీసుకోండి."

"వాడుకుంటే అరగదా?"

"బంగారం యాడికి పోతాది? రూపం మారుతాది, అంతే. వెలుగును మొత్తం మింగే పొర చేస్తాండా. ఎండలో పెడితే నీళ్ళు కాగుతాయి. పల్చగా తీసి కంటి వెనకాల పెడితే, వెలుగు పడిన చోటల్లా చిన్న కరెంటు పుట్టి నరాన్ని తడుతాది. చూపు లేనోళ్ళకు చూపు."

నీళ్ళు కాగే మాటకు నేను అద్దె ఎంత చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. కంటి మాటకు ఆ ఆలోచన ఆగిపోయింది. అద్దె అడగలేదు. నూటపది గ్రాములూ తూచి ఆమె ముందు పెట్టాను. నేను బేరమాడకపోవడం చూసి ఆ పిల్లే అనుమానపడింది.

వారం తర్వాత పైకి వెళ్ళి చూస్తే గాజుసీసాలో ఎర్రని నీళ్ళున్నాయి.

"ఇదేందమ్మా, పచ్చ బంగారం తీసుకుని ద్రాక్షరసం చేసినావు?"

"సన్నగా చేస్తే బంగారానికి రంగు మారుతాది. కంటికి ఆనని రేణువులు అవి. ఒక్కో రేణువు ఇప్పుడు ఆకుపచ్చ వెలుగొక్కటే మింగి, ఎరుపును వదిలేస్తాంది. నాకు కావాల్సింది అన్ని రంగులూ మింగేది. దానికి రేణువులు వాటంతట అవే వచ్చి, కొన్ని ఆనుకుని, కొన్ని ఎడంగా, పూసల మాదిరి కూర్చోవాల. ఒక్కో ఎడం ఒక్కో రంగును పట్టుకుంటాది."

"ఒక్కో సరుకు కొనే అంగళ్ళన్నీ చేరి సంత కావాల. అంతేనా?"

"అంతే. కానీ సంత చేరడంల్యా. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి బురదైపోతాండాయి."

ఏడు నెలలు బురదే. సాయంత్రం ఆ బురదను మూసలో వేస్తే మళ్ళీ పచ్చటి గుండు వచ్చేది. తూచుకునేవాణ్ణి. కాస్త తరుగు తప్ప నాకు నష్టం లేదు. ఆమెకే రోజూ పొద్దున మళ్ళీ మొదటి నుంచి.

ఆ రోజుల్లోనే ఆచారి భార్య సుబ్బరత్నమ్మ కొట్టుకు వచ్చింది. "పొద్దస్తమానం గోడకు చేరబడి కూర్చుంటాడు శెట్టిగారూ. పని చేసిన చేతులు ఊరకుండవు, చాపలో ఈనెలు పీకుతాండాడు. ఏదన్నా చెప్పండి" అంది. సీసాలు కడిగే పని చెప్పాను. షాహీన్ ఆయన చేయి పట్టుకుని ఏ సీసా ఎక్కడుందో, ఏ ద్రావకంతో కడగాలో తడిమించి చూపింది.

నెల తిరక్కుండానే ఒకరోజు పొద్దున్నే పైనుంచి కేక. "శెట్టిగారూ, బిన్నా రండి, తొందరగా!"

వెళ్ళేసరికి సీసాలో నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున నల్లటి పొర ఒకటి పరుచుకుని ఉంది. మసి అనుకున్నాను. కానీ మసి ఏదో ఒక వాటాన చూస్తే మెరుస్తుంది. ఇది ఎటు తిప్పినా మెరవలేదు. సీసాకు అడుగే లేనట్టుంది.

"ఇది కడిగిందెవరు?" అంది షాహీన్.

మూలన కూర్చున్న ఆచారి లేచి నిలబడ్డాడు. "నేనే పాపా. పగిలిందా?"

"దేంతో కడిగినావు తాతా?"

"కుంకుడు నురుగుతో. ఇంక దేంతో కడుగుతారు?"

"ద్రావకంతో కదా కడగమన్న్యా!"

"నువ్వు అన్న్యావు. ఆ ద్రావకం బంగారాన్ని తింటాది. సీసా గోడకు ఒక రవ్వ అంటుకోనుంటే అదీ పోతాది. శెట్టి సాయంత్రం తూచి నా మీద పడడా? నగైనా సీసా అయినా, బంగారం తగిలినదాన్ని కుంకుడుతోనే కడగాల. మా నాయన అట్లే నేర్పినాడు."

షాహీన్ నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. సీసాలో మిగిలిపోయిన నురుగు పొర రేణువుల మధ్య చేరి, వాటిని మీద మీద పడకుండా ఎడంగా పట్టి ఉంచిందట. ఇద్దరు దాయాదుల మధ్య పెద్దమనిషి కూర్చున్నట్టు. రసాయనశాస్త్రం చదివినవాళ్ళు ఎవరైనా ఆ సీసాను శుభ్రంగా కడిగేవాళ్ళు. తరుగుకు భయపడే కంసాలి కాబట్టి నురుగు మిగిలింది.

నా పద్ధతిలో నేను పరీక్ష చేశాను. పొరలో ఒక పిసరు గీకి గీటురాయి మీద రాస్తే నల్లరాతి మీద ఏ గీతా కనబడలేదు. మూసలో వేశాను. పచ్చటి గుండు వచ్చింది, తూకం సరిపోయింది. బొగ్గుగనుల వాళ్ళు బొగ్గును నల్ల బంగారం అని ముద్దుగా పిలుచుకుంటారు. మాది పిలుపు కాదు, నిజం.

పరీక్షలు, అనుమతులు, కాగితాలు అన్నీ కలిసి రెండేళ్ళు మింగాయి. హైదరాబాదులో ఒక కంటి ఆసుపత్రి ఒప్పుకుంది. ముందుగా ఎవరికి అంటే, "నాకే" అన్నాడు ఆచారి. ఆపరేషన్ బల్ల మీదికి వెళ్తూ కూడా, "శెట్టీ, నీ సరుకు నా కంట్లో పెడతాండారు. తరుగు నా లెక్కలో రాసుకోవద్దు" అన్నాడు. నేను నవ్వలేదు. రాసుకోవాల్సిన తరుగు ఎవరి లెక్కలోదో నాకు తెలుసు.

కట్లు విప్పిన రోజున ఆయన ముందు భార్య వైపు తిరిగాడు. సుబ్బరత్నమ్మ ముఖం దగ్గరగా చూశాడు. ఆమె చెంప మీద వేలు పెట్టి, వేలినీ చెంపనూ మార్చి మార్చి చూశాడు.

"ఎట్లుండాది?" అని ఆమె అడిగింది.

"బొగ్గుతో గీసిన బొమ్మ మాదిరి ఉండావు. రంగుల్యా. కానీ నువ్వే." తర్వాత నా వైపు తిరిగాడు. "శెట్టీ, లావైనావే!"

ఊరికి వచ్చిన మూడో రోజున మళ్ళీ మూస ముందు కూర్చున్నాడు. రంగు తెలియకుండా ఎలా పడతాడా అని నేను పక్కనే నిలబడ్డాను. పాతకాలం కంటే బాగా పట్టాడు. మూసలో వేడి మారుతున్న తీరు ఆయనకు నీళ్ళలో అలల్లా కనబడుతోందట. పది కరుగులకు పదీ మేలిమి. నేను లాభపడ్డానని దాచను. ఆ నెల రోజులూ ఉన్నంత నిశ్చింతగా నేనెప్పుడూ లేను.

నెల నిండే రోజున ఆచారి చేతిలోంచి పటకారు జారింది. మూస పగిలి కరిగిన బంగారం బండల మీద పారింది. ఇన్నేళ్ళలో అది మొదటిసారి.

"ఏమైంది ఆచారీ?"

"నిద్ర ల్యా శెట్టీ. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ల్యా."

"కళ్ళు మూసుకుని పడుకుంటే అదే పడుతుంది."

"మూసుకుంటే గదా! రెప్ప వేసినా వేసినట్టుండదు. పగలంతా ఎండకు కాగిన గోడ రెప్పల్లో నుంచే కనబడతాది, కుంపటి మాదిరి. పక్కన రత్నమ్మ వెలుగుతాంటాది. చేయి అడ్డం పెట్టుకుంటే నా చేయే దీపమైతాది. చీకటనేదే ల్యా నాకు."

షాహీన్‌ను పిలిపించాను. విన్న కొద్దీ ఆమె ముఖం పాలిపోయింది. వేడి వస్తువుల నుంచి మన కంటికి ఆనని వెలుగు ఒకటి వస్తుందట. మన కళ్ళు దాన్ని వదిలేస్తాయి. ఈ పొర వదలదు. "అన్నీ మింగాలని చేసినాను. అన్నీ మింగుతాంది" అంది.

"ఆపేదానికి స్విచ్చి లేదా?"

"దానికి వైరే లేదు శెట్టిగారూ. వెలుగే దాని కరెంటు."

నల్లగుడ్డ కట్టి చూశాం. ఒంటి వేడికి గుడ్డ కూడా వెచ్చబడి వెలిగింది. నిద్రమాత్రలు ఇచ్చారు. మనిషి పడిపోయేవాడు కానీ, లేచాక పడుకున్నట్టుండేది కాదు. తడిగుడ్డ ఒక్కటే కాస్త పనిచేసింది. చల్లగా ఉన్నంతసేపు మసకగా ఉండేది. పావుగంటలో అదీ వేడెక్కేది. సుబ్బరత్నమ్మ బకెట్టు పక్కన పెట్టుకుని గుడ్డలు మారుస్తూ కూర్చునేది. ఇంకో పదిహేను రోజులకు ఇద్దరూ సగమయ్యారు. ఆచారికి మాట తడబడటం మొదలైంది. అన్నం పళ్ళెం ముందు పెడితే, తిన్నానో లేదో అని అడిగేవాడు.

"తీపించెయ్ శెట్టీ" అన్నాడు ఒకరోజు.

హైదరాబాదు డాక్టరుతో మాట్లాడాను. నరం ఆ పొరకు అల్లుకుపోయిందని, తీస్తే నరంతో సహా పోతుందని, ఆ తర్వాత ఎప్పటికీ ఏ పొరా పనిచేయదని చెప్పాడు. అదే మాట ఆచారికి చెప్పాను.

"చూపు లేకుండా ఆరేండ్లకు పైన బతికినా. నిద్ర లేకుండా ఆరు వారాలు బతకలేకుండా ఉండా. గురువారం తీస్తామంటే గురువారమే."

షాహీన్ గది తలుపు వేసుకుని పనిచేస్తోంది. కుంకుడు పాళ్ళు మార్చి, మామూలు వెలుగును మాత్రమే మింగే పొర చేస్తానంటుంది. దానికి ఏడాది కావాలంటుంది. గురువారానికి రెండు రోజులే ఉన్నాయి.

మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి ఆచారి ఇంటికి వెళ్ళాను. ప్రయాణానికి కారు మాట్లాడానని చెప్పడానికి. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్ళు మూసుకుని. సుబ్బరత్నమ్మ వేడెక్కిన గుడ్డ తీసి, ఇంకోటి పిండుతూ ఆయన ముఖం మీదుగా చేయి చాచింది.

"ఏందే, నల్లగాజులు ఏసుకున్యావ్?" అన్నాడు ఆచారి, కళ్ళు తెరవకుండానే.

"నల్లవి యాడివి? నువ్వు చేసిన బంగారు గాజులే. పెండ్లైన కాడ్నుంచి ఇవే కదా."

"కాదు, నల్లగా ఉండాయి. చేయంతా వెలుగుతాంది, రెండు నల్లని పట్టీలు మాత్రం..."

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాట తడబడే మనిషి ఇప్పుడు ఇలా కూడా మొదలుపెట్టాడనుకుంది. నేను మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాను. ఒకే చేతి మీద, ఒకే వేడిలో ఉన్న రెండు వస్తువుల్లో ఒకటి వెలిగి ఇంకోటి వెలగలేదంటే, ఆ రెంటికీ ఏదో తేడా ఉంది. తేడా ఉన్న చోటే వ్యాపారం ఉంటుంది.

"ఆచారీ, కళ్ళు తెరవద్దు. ఇది చూడు." నా ఇనప్పెట్టె తాళంచెవి కాసేపు గుప్పిట్లో వెచ్చబెట్టి ఆయన రెప్పల ముందు పట్టాను.

"వెలుగుతాంది."

సుబ్బరత్నమ్మ ఇచ్చిన మట్టి మూకుడు పట్టాను. "వెలుగుతాంది."

నా వేలి ఉంగరం పట్టాను.

"నలుపు. గాజు మాదిరే. అందులో ఏం లేనట్టు."

అక్కడి నుంచే షాహీన్‌కు ఫోను చేశాను. మొత్తం విని, ఉంగరం సంగతి మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత గబగబా చెప్పింది. "పచ్చ బంగారం వేడెక్కినా ఆ వేడిని వెలుగుగా బయటికి ఇయ్యదు శెట్టిగారూ. బయటి నుంచి వచ్చినదాన్ని లోపలికి తీసుకోదు, తిప్పి కొడతాది. రోజూ అదే బంగారాన్ని కరిగిస్తాండా, నాకు తట్టనేలేదు!"

ఫోను గట్టిగానే వినబడుతోంది. ఆచారి మంచం మీదనుంచి అన్నాడు. "తీసుకోదు, ఇయ్యదు. అచ్చం శెట్టి మాదిరి."

కొట్టుకు వెళ్ళాను. దేవుడి పటాలకు అంటించే పల్చటి బంగారు రేకుల పొత్తం తీసుకున్నాను. రేకు అంటించడానికి కళ్ళను రెండు వైపులా మూసి ఉంచేది ఏదైనా కావాలి. అలాంటిది ఒకటి ఎక్కడుందో వీధిలో నాకొక్కడికే తెలుసు. ఇనప్పెట్టె అడుగు అర నుంచి నల్లద్దాలు తీశాను. పక్కల కూడా మూతలున్నవి, మూస ముందు కూర్చునేవాళ్ళకు చేసినవి.

తోవలో వేరే అద్దాలు కొనుక్కుని పోవచ్చు కదా అనిపించింది. నాలుగు అంగళ్ళ అవతలే అద్దాల కొట్టుంది. దాని ముందు ఆగాను కూడా. కానీ లెక్క ముగించే రోజున పాత చీటీ చించేసి కొత్తది రాసేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

ఆచారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళు తెరవలేదు. బొటనవేలితో ఫ్రేమంతా తడిమాడు. ఎడమ కాడ దగ్గర చిన్న నొక్కు ఉంది, అక్కడ వేలు ఆగింది.

"ఇవి కడప డాక్టరు ఇచ్చినవి గదా. పోయినాయంటివే."

"పోలేదు. నేనే దాచినా. ఇవి పెట్టుకున్న వారంలో రెండు కరుగులు తప్పినాయి. అందుకని దాచినా."

సుబ్బరత్నమ్మ చేతిలో గుడ్డ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమె పిండడం మరిచిపోయింది. నేను తలెత్తలేదు. వీధిలో ఎవరో బండి తోసుకుంటూ ఉల్లిగడ్డలని అరుస్తూ వెళ్ళాడు. ఆ అరుపు దూరమయ్యేదాకా ఆచారి ఆ నొక్కునే వేలితో రుద్దుతూ ఉన్నాడు.

"రేకు ఇట్లియ్యి" అన్నాడు చివరికి. "నీ చేతికి రాదు, చిరిగిపోతాది. రత్నా, ఇంత జిగురు కలుపు."

లేచి కూర్చుని పని మొదలుపెట్టాడు. నిద్రలేక వణుకుతున్న చేతులు రేకు పట్టుకోగానే నిలిచాయి. ఊపిరి బిగబట్టి ఒక్కో రేకునూ అద్దం లోపలివైపు పరిచి, కుంచెతో అద్దాడు. నల్లద్దాల మీద పచ్చ. ఒకదాని మీద ఒకటి, చిల్లి లేకుండా అయిదు వరసలు, పక్క మూతలతో సహా. ఆరాక పెట్టుకున్నాడు. పడుకున్నాడు.

"ఎట్లుండాది?" అన్నాను.

"ఉండు" అన్నాడు. కాసేపటికి, "శెట్టీ, చీకటి" అన్నాడు. ఆ మాట అంత సంతోషంగా ఎవరైనా అనగా నేను వినలేదు. "నీతో మాట్లాడేది ఉండాది. యాడికీ పోవద్దు. లేచినాక."

మాట పూర్తికాకుండానే గురక మొదలైంది. సుబ్బరత్నమ్మ బకెట్టును కాలితో పక్కకు నెట్టి, మంచం కోడును ఆనుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది. నేను కుర్చీలోంచి కదల్లేదు. మధ్యలో షాహీన్ వచ్చి, గడపలోనే నిలబడి ఆ గురక విని, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది. కారు వద్దని కబురు చేశాను.

గోడ మీది ఎండ పైకి పాకి, పూర్తిగా పోయింది. దీపాలు పెట్టే వేళ దాటాక ఆచారి కదిలాడు. అద్దాలు నుదుటి మీదికి జరుపుకుని నన్ను చూశాడు.

"ఉండావా?"

"ఉండా."

"తిట్టేదానికి ఇప్పుడు ఓపిక వచ్చింది. దగ్గరికి రా."

వెళ్ళాను. ఆ తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. ఒక్కటి కూడా అన్యాయమైనది కాదు. చివరి తిట్టు తిట్టి, "పొద్దున మూస ఎన్ని గంటలకు పెడతావు?" అని అడిగాడు.

లెక్క ఇంతే. నూటపది గ్రాముల్లో నూటఎనిమిది మళ్ళీ నా పెట్టెలోకి వచ్చింది. సీసాలకు, బండలకు పోయినది తరుగు. రెండు కళ్ళలో ఉన్న నల్ల పొర ఒక మిల్లీగ్రాము కూడా తూగదు. అద్దాలకు పట్టిన పచ్చ రేకు నలభై మిల్లీగ్రాములు. ఆచారికి రంగులు ఎప్పటికీ రావు, అది నా పేరున రాసుకున్న తరుగు. దానికి ఎదురుగా ఆ రోజు నికరంగా వచ్చింది అయిదు గంటల ఇరవై నిమిషాల నిద్ర, గురకతో సహా.